గుంజీలూ బస్కీలూ
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కారణంగా మనం ఈ రోజును పండుగలా జరుపుకుంటున్నాం. పెన్షను ఎవరో దయతలచి వేసే భిక్ష కాదని ఆ తీర్పు తేల్చి చెప్పింది. డి.ఆర్. గురించీ బకాయిల గురించీ నాకంటే బాగా తెలిసినవారు మాట్లాడారు. నాకు కార్యదర్శి గారు అప్పజెప్పిన విషయం వేరు. "మనవాళ్ళకి నడవమని ఎంత చెప్పినా నడవరేమిటండీ? మీరు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మనస్తత్వశాస్త్రం చెప్పినవారు కదా, ఒక్క అరగంట మాట్లాడండి" అన్నారు. సరేనన్నాను.

అయితే ఒక మనవి. నడక మంచిదని చెప్పడానికి నేను రాలేదు. అది తెలియనివారు ఈ హాల్లో ఒక్కరూ లేరు.

మా మిత్రులొకరుండేవారు. పేరు చెప్పను. ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు. అంకెల మనిషి. పరగడుపున చక్కెర ఎంత, భోంచేసిన రెండు గంటలకు ఎంత, మూడు నెలల సగటు ఎంత అని పన్నెండేళ్ళ లెక్క ఒక నోటుబుక్కులో ఎర్రసిరాతో, నీలిసిరాతో గీతలు గీసి మరీ రాసి ఉంచారు. వారానికి కనీసం 150 నిమిషాలు నడకవంటి శ్రమ చేయాలనీ, 65 దాటినవారు వారంలో మూడు రోజులైనా తూలిపడకుండా నిలదొక్కుకునే అభ్యాసాలు కూడా చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ సంగతి నాకు చెప్పినది ఆయనే. ఆయన మాత్రం నడవలేదు. మొదట పాదం మీద పుండు, తరువాత వేలు, తరువాత పాదం. చివరి ఏడాది మంచం మీదనే. నడిచి ఉంటే కాలు దక్కేదని నేను చెప్పలేను, వైద్యుణ్ణి కాను. కాని ఆయనకు తెలియక నడవలేదని మాత్రం ఎవరూ అనలేరు. సోమరితనమని కూడా నేననను. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆఫీసుకు ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళని మనిషి. మరి అడ్డుపడ్డదేమిటి?

చింతకాయ అన్నామనుకోండి. నేను అన్నదొక మాట మాత్రమే. మీ నోట్లో నీరూరింది. చింతకాయా లేదు, ఉప్పూ లేదు. రష్యా దేశంలో పావ్‌లోవ్ అనే శాస్త్రజ్ఞుడు కుక్కల మీద చేసిన ప్రయోగాలు మీలో ఉపాధ్యాయులుగా పనిచేసినవారందరూ పరీక్షకు చదువుకున్నవే. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు. ఆ పనిలో ఉండగానే ఈ సంగతి తగిలింది. తిండితో కలిసి పదే పదే వచ్చిన సంకేతం కొన్నాళ్ళకు తిండి లేకపోయినా కుక్క నోట నీరూరిస్తుంది. మనిషి మనసూ అంతే. ఒక పనిని తలచుకోగానే, ఆ పనికి గతంలో ఏది అంటుకుని ఉందో అది ముందు లేచి నిలబడుతుంది. తరువాతే ఆలోచన. "వ్యాయామం" అనగానే మీలో లేచి నిలబడేది ఏమిటి? ఈ రోజు నా ప్రశ్న అదొక్కటే.

నా మటుకు నాకు లేచేది గుంజీలు. మా చిన్నప్పుడు బడిలో ఎక్కం తప్పితే గుంజీలు. హోంవర్కు చేయకపోతే గోడకుర్చీ. ప్రార్థనకు ఆలస్యమైతే మైదానం చుట్టూ పరుగు. మంచిగా చదువుకున్నవాడు కూర్చునేవాడు, తప్పు చేసినవాడు వ్యాయామం చేసేవాడు. అంటే శరీరాన్ని కదిలించడమనేది శిక్షాస్మృతిలోని ఒక సెక్షను. ఇలా పదేళ్ళు చదువుకున్న పిల్లవాడు అరవై ఏళ్ళకు డాక్టరు గారు "రోజూ వ్యాయామం చేయండి" అంటే ఏమని వింటాడు? "నువ్వు తప్పు చేశావు" అని వింటాడు.

ఇప్పుడు తాలింఖానాకు రండి. అక్కడ కుర్రవాళ్ళు తీసే బస్కీలు చూడండి. మోకాళ్ళు వంచి కిందికి దిగడం, పైకి లేవడం. చెవులు పట్టుకోవడం ఒక్కటి తీసేస్తే గుంజీకీ బస్కీకీ తేడా ఏమీ లేదు. అవే మోకాళ్ళు, అవే తొడలు. బడిలో ఇరవై గుంజీలకు ఏడ్చిన పిల్లవాడే సాయంత్రం తాలింఖానాలో వంద బస్కీలు తీసి, మీసం లేని చోట మీసం దువ్వుకునేవాడు. ఇంకో చిత్రం చూడండి. వినాయక చవితినాడు ఆ గుంజీలే చెవులు పట్టుకుని మరీ తీస్తాం, నవ్వుతూ తీస్తాం, తాతలూ మనుమలూ కలిసి తీస్తాం. ఒక్కటే కదలిక. ఒకచోట శిక్ష, ఒకచోట ప్రతాపం, ఒకచోట భక్తి. కండరానికి ఈ తేడా తెలియదు. తెలిసేది మనసుకే. రేపు మళ్ళీ చేయాలా వద్దా అని నిర్ణయించేది కూడా ఆ మనసే.

ఈ మాట మన ప్రాంతంలో నిలబడి చెప్పడానికి నాకు గర్వంగా ఉంది. వీరఘట్టంలో పుట్టి, ఈ విజయనగరంలో పెరిగి, తాలింఖానాలో ఒళ్ళు మలచుకున్నవాడు కోడి రామ్మూర్తి నాయుడు గారు. వీరఘట్టం ఇప్పుడు, అంటే 2022 ఏప్రిల్ నుంచి, పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి ఇక్కడే వ్యాయామ ఉపాధ్యాయుడుగా పనిచేశారు. తరువాత సర్కసు పెట్టి ఇనుప గొలుసులు తెంచడం, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకోవడం వంటివి చేసి కలియుగ భీముడనిపించుకున్నారు. మన ఊళ్ళలో సంక్రాంతికి సంగిడి రాళ్ళు ఎత్తే కుర్రాళ్ళను "ఎందుకు ఎత్తుతున్నావురా?" అని అడిగితే ఆరోగ్యం కోసమని ఒక్కడూ అనడు. ఊరు చూస్తుందని ఎత్తుతాడు.

ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఆమె అక్కచెల్లెళ్ళు కూడా బరువులెత్తినవారే. ఇక్కడికి దగ్గరలోనే, నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ అనే పల్లె ఉంది. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్తు క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం గెలిచింది. మొదట కాంస్యం వచ్చింది, స్వర్ణం అందుకున్న నైజీరియా అమ్మాయి అనర్హురాలు కావడంతో అది రజతమైంది. కొండవెలగాడలో నీళ్ళు వేరా? గాలి వేరా? అక్కడ పిల్లలకు బరువు అనగానే శిక్ష గుర్తుకు రాదు. పక్కింటి అక్క గుర్తుకు వస్తుంది.

సరే, అవి పిల్లల సంగతులు. మన సంగతికి వద్దాం. మనకు బడి ఒక్కటే కాదు, ఆఫీసు కూడా పాఠం చెప్పింది. "ఆ సీటు ఎవరు చూస్తున్నారు?" "సారు సీట్లో ఉన్నారా?" ఈ మాటలతోనే కదా మనం ముప్పై ఏళ్ళు గడిపాం. సీట్లో ఉన్నవాడు పనిమంతుడు, సీట్లో లేనివాడి మీద కంప్లయింటు. ఫైలు పట్టుకుని నడిచేవాడు బంట్రోతు, కదలకుండా సంతకం పెట్టేవాడు ఆఫీసరు. ప్రమోషన్ వచ్చిన కొద్దీ నడక తగ్గింది, కుర్చీకి చేతులొచ్చాయి, తరువాత కుర్చీ తిరగడం నేర్చింది, మనం తిరగడం మానేశాం. మరి నడిచేవాడెవడు? పనికాక మన చుట్టూ తిరిగేవాడు. "చెప్పులరిగేలా తిరిగాను", "కాళ్ళరిగేలా తిప్పారు". తెలుగులో నడక గురించి ఉన్న ఈ మాటలన్నీ అవమానానివే. సుఖపడ్డవాణ్ణి ఏమంటాం? కాలు కింద పెట్టనక్కరలేదంటాం. కాలు మీద కాలేసుకు కూర్చున్నాడంటాం. ఇటువంటి భాష మాట్లాడుకుంటూ రిటైరైనవాడికి నడక గౌరవప్రదమైన పనిగా ఎలా తోస్తుంది, చెప్పండి.

పైగా వీధి ఒకటుంది. మీరు బూట్లు వేసుకుని పొద్దున్నే బయలుదేరారనుకోండి. టీ కొట్టు దగ్గరివాడు అడుగుతాడు. "ఏటి మాస్టారూ, నడిసెల్తన్నారు? స్కూటర్ పాడయిందేటి?" కాదు నాయనా, ఊరికే అంటే వెంటనే జాలిగా చూసి, "సుగర్ గానీ వచ్చిందేటి బాబూ?" అంటాడు. వాడికి చెడు ఉద్దేశం లేదు. వాడి లెక్కలో నడక రెండింటికే గుర్తు, పేదరికానికి లేదా రోగానికి. డాక్టరు గారు కూడా తెలియకుండానే అదే చేస్తారు. మందులచీటీలో మాత్రలన్నీ రాసి, అట్టడుగున "నడక, 45 నిమిషాలు" అని రాస్తారు. ఆ చోట చూడగానే అదీ ఒక చేదు మాత్రే అయింది. మాత్ర ఎప్పుడు మానేద్దామా అని ఎవరు చూడరు?

ఇక వయసు. "ఈ వయసులో ఇవన్నీ ఎందుకండీ, కృష్ణా రామా అనుకుంటూ ఒక మూల కూర్చోక" అనే మాట మనకు ఇతరులు చెప్పేదానికంటే మనం మనకు చెప్పుకునేదే ఎక్కువ. కృష్ణుడు గానీ రాముడు గానీ మూల కూర్చున్నట్టు నేను ఎక్కడా వినలేదు. 1999లో అమెరికాలో హౌస్‌డార్ఫ్, బెకా లెవీ మొదలైనవారు 63 నుంచి 82 ఏళ్ళ వయసున్న 47 మంది మీద ఒక ప్రయోగం చేశారు. అరగంటసేపు కంప్యూటరు ఆట ఆడిస్తూ, తెర మీద కంటికి ఆననంత వేగంగా కొన్ని మాటలు మెరిపించారు. కొందరికి వార్ధక్యం గురించి మంచి మాటలు, కొందరికి చెడ్డ మాటలు. మంచి మాటల గుంపువారి నడక వేగం సుమారు 9 శాతం పెరిగింది. ఇటువంటి మెరుపు మాటల ప్రయోగాలు కొన్ని మళ్ళీ చేసినప్పుడు అదే ఫలితం రాలేదని కూడా నిజాయితీగా చెప్పాలి. కనుక అరగంటలో అద్భుతం జరుగుతుందని నేననను. కాని అరవై ఏళ్ళుగా చెవిలో పడుతున్న మాట కాళ్ళలోకి దిగకుండా ఉంటుందా?

ఇప్పుడు దీనికి ఎదురు సాక్ష్యం చెబుతాను. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. మన రెండు జిల్లాల నుంచి ఎంతమంది వెళతారో మీకు తెలుసు. మన పెన్షనర్లు కూడా వెళతారు. పాల ప్యాకెట్టుకు వీధి చివరికి స్కూటరు మీద వెళ్ళే మనిషి ఆ రాత్రి వట్టికాళ్ళతో, వానలో, అడవివరం దాటి, హనుమంతవాక దాటి, సముద్రపుగాలి పీల్చుకుంటూ నడుస్తాడు. మోకాళ్ళు ఆ ఒక్కరోజుకు కొత్తవి కాలేదు. ఆ నడకకు అప్పన్న అంటుకుని ఉన్నాడు, దారిపొడుగునా మజ్జిగ ఇచ్చేవాళ్ళు అంటుకుని ఉన్నారు, పక్కన నడిచే లక్షలమంది అంటుకుని ఉన్నారు. అక్కడ "సుగర్ వచ్చిందేటి?" అని ఎవడూ అడగడు. అయితే ఏడాదికి ఒకసారి 32 కిలోమీటర్లు నడిచి మిగతా 364 రోజులు కూర్చోవడాన్ని నేను మెచ్చుకోవడం లేదు. అలవాటు లేని శరీరానికి అది ప్రమాదం కూడా. నేను చెప్పేది, కోరిక పుట్టే చోటు ఎక్కడుందో చూడమని.

మన సోదరీమణులు ఈ విషయంలో మనకంటే తెలివైనవారు. ఈ మధ్య ప్రతి పేటలోనూ గుడి దగ్గర సాయంత్రం కోలాటం నేర్చుకుంటున్నారు. అరవై దాటినవారు కూడా గంటసేపు వంగుతూ లేస్తూ, ఒంటికాలి మీద తిరుగుతూ ఆడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన నిలదొక్కుకునే అభ్యాసం ఇంతకంటే ఏముంటుంది? దానికి వాళ్ళు వ్యాయామమని పేరు పెట్టలేదు. పెట్టి ఉంటే సగంమంది రాకపోదురు. తప్పెటగుళ్ళు కట్టుకుని ఎగిరే మన పల్లెల వృద్ధ కళాకారులను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి చేయవలసినది మనసుతో యుద్ధం కాదు. పాత బంధం పక్కన కొత్త బంధం కట్టడం. దీనికి పెద్ద శాస్త్రం అక్కరలేదు గాని, పనికివచ్చే రెండు సంగతులు పరిశోధకులు చెప్పారు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో కొందరిచేత పదిహేను నిమిషాలు సైకిలు తొక్కించారు. ఒక జట్టుకు తేలికగా మొదలుపెట్టి చివరకు కష్టం చేశారు. ఇంకొక జట్టుకు కష్టంగా మొదలుపెట్టి చివరకు తేలిక చేశారు. చేసిన శ్రమ ఒక్కటే. తేలికగా ముగించినవారికే అది హాయిగా ఉన్నట్టు జ్ఞాపకం మిగిలింది, మళ్ళీ చేయడం కూడా హాయిగా ఉంటుందనిపించింది. మనవాళ్ళేం చేస్తారు? జనవరి ఒకటో తారీకున శపథం పట్టి, ఇంటి ముందు వరకు రొప్పుతూ వస్తారు. శరీరం గుర్తుపెట్టుకునేది ఆ రొప్పునే. నాలుగో రోజుకు చలిగా ఉందంటారు. మీరు కొంచెం ముందే నిదానించండి, చివరి పది నిమిషాలు అయ్యకోనేరు గట్టు మీద కబుర్లు చెప్పుకుంటూ నడవండి. ఆ రోజు నడక జ్ఞాపకంలో కబుర్లుగా మిగులుతుంది.

రెండోది పాట. అమెరికాలో ఒక వ్యాయామశాలలో ఆసక్తికరమైన నవలల రికార్డింగులు అక్కడికి వస్తేనే వినడానికి వీలుగా పెట్టారు. 2014లో ఆ ఫలితాలు ప్రచురించారు. మొదట్లో వారి రాకపోకలు ఇతరులకంటే 51 శాతం ఎక్కువగా ఉన్నాయి. మధ్యలో పండుగ సెలవులు రాగానే ఆ ఉత్సాహం తగ్గిపోయింది. అంటే బంధం తెగితే మళ్ళీ కట్టుకోవాలన్నమాట. మనకు నవలలెందుకు? ఘంటసాల గారు చదువుకున్నది ఈ ఊరి సంగీత కళాశాలలో, సుశీల గారు చదువుకున్నదీ అక్కడే. మనుమడి చేత ఫోనులో ఆ పాటలు పెట్టించుకోండి. ఒక్కటే నియమం, నడిచేటప్పుడు తప్ప వినకూడదు. రోడ్డు మీద మాత్రం చెవిలో పెట్టుకుని నడవకండి, వెనుక ఆటో వస్తుంటే పాట ఆదుకోదు.

వీటికంటే బలమైనది ఇంకొకటి నా కళ్ళతో చూశాను. రెవిన్యూలో పనిచేసిన మిత్రులొకరికి గుండెపోటు వచ్చి తగ్గింది. ఆ ఏడాదే భార్య పోయారు. నడవమంటే "ఎవరికోసమండీ?" అనేవారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఒకసారి మాటల్లో, సర్వీసులో పంటల అజమాయిషీకి గట్ల మీద నడిచిన రోజుల గురించి గంటసేపు చెప్పారు. ముఖం వెలిగిపోయింది. అప్పుడు మన సంఘం ఆయనకొక పని అప్పజెప్పింది. ఆ వార్డులో మంచం పట్టిన పెన్షనర్లు, కుటుంబ పెన్షనర్లు ఇరవైమంది ఉన్నారు. వారి ఇళ్ళకు వెళ్ళి కాగితాలు చూసి రావాలి. ఆయన సంచి భుజాన వేసుకుని బయలుదేరారు. మూడో వారంలోనే ఒక తల్లికి 80 నిండి రెండేళ్ళయినా అదనపు పెన్షను కలవలేదని కనిపెట్టారు. వయసు ధ్రువపత్రం పట్టుకుని తిరిగి, బకాయితో సహా ఇప్పించారు. ఆవిడ ఆయన చేతిలో రెండు అరటిపళ్ళు పెట్టారట. ఆ పళ్ళ సంగతి మాకు పదిసార్లు చెప్పారు. ఆరు నెలలయ్యాక ఆసుపత్రికి వెళితే డాక్టరు గారు "వాకింగ్ చేస్తున్నారా?" అని అడిగారు. "నాకా? టైమెక్కడిదండీ, తిరగడమే సరిపోతోంది" అన్నారు ఈయన. రోజుకు మూడు కిలోమీటర్లకు తక్కువ ఉండదు ఆ తిరగడం. ఆఫీసు చుట్టూ తిరగడమనే మాటకు ఆయన వేరే అర్థం తెచ్చారు.

ఒక హెచ్చరిక చేసి ముగిస్తాను. నడవడానికి మనసు రాకపోవడమంతా మనసు తప్పే అనుకోకండి. నడుస్తుంటే ఛాతీలో బరువు, ఊపిరి అందకపోవడం, కొంతదూరం పోయేసరికి పిక్క పట్టేసి ఆగితే తగ్గడం, ఇవి బంధాల సంగతి కాదు, వెంటనే డాక్టరుకు చూపించుకోవలసినవి. కళ్ళకు శుక్లాలున్నవారు ముందు ఆ పని చూసుకోండి. సగం భయం కనబడకపోవడం వల్లనే. ఉద్దానం వైపు నుంచి వచ్చిన సోదరుల్లో మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత నడవాలో, ఎన్ని నీళ్ళు తాగాలో తమ వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టండి.

కార్యదర్శి గారి చేతిలో ఒక జాబితా ఉంది. మన పట్టణంలో ఇల్లు కదలలేని సభ్యులు, కుటుంబ పెన్షనర్లు, వీధుల వారీగా రాసి ఉన్నారు. వారిని వారానికి రెండుసార్లు చూసి రావడానికి మనుషులు కావాలి. ఒక్కరే వెళ్ళవద్దు, ఇద్దరిద్దరుగా వెళ్ళండి. స్కూటరు మీద వెళ్ళేవారి పేర్లు తీసుకోవద్దని నేనే చెప్పాను. భోజనాలయ్యాక పేర్లు రాయించండి. మొదటి జట్టు రేపు ఉదయం ఆరున్నరకు మూడు లాంతర్ల దగ్గర కలుస్తుంది. టీ అక్కడే తాగుదాం.